జూలియెట్‌లో పట్టాల పక్కనున్న కెఫే నిజంగా పాతదేనా?

పోయిన ఆదివారం అట్లాంటా నుంచి మేకన్ వెళ్తూ, దారి మళ్లి జూలియెట్ అనే చిన్న ఊళ్లో విజిల్ స్టాప్ కెఫేలో తిన్నాం. ఎదురుగానే రైలు పట్టాలు. మేం తింటుండగా ఓ గూడ్సు బండి వెళ్లింది, ఎంతకీ అయిపోదే! ఈ హోటలు వందేళ్ల నుంచి నడుస్తోందని మా ఆయన పందెం కాస్తున్నారు, నాకేమో డౌటు. ఎవరికైనా తెలుసా?

మేకన్ వాసి:
మీ ఆయన చెప్పింది సగం కరెక్టండీ. కట్టడం పాతదే, 1927 నాటిది, కానీ అది హోటలు కాదు, కొట్టు. విలియమ్స్ అనే ఆయన కట్టించి, 1972 దాకా నడిపారు. ఇలాంటి పల్లె కొట్లు పట్టాల పక్కనే ఎందుకుండేవంటే సరుకంతా బండిలోనే దిగేది కాబట్టి. పిండి, మేకులు, గుడ్డ, పశువుల దాణా అన్నీ ఒక్కచోటే, రైతులు పంట చేతికొచ్చేదాకా ఖాతా రాయించుకుని పట్టుకెళ్లేవాళ్లు. జూలియెట్‌లో ఓక్మల్గీ నది ఒడ్డున పిండి మిల్లు కూడా ఉండేది. అది మూతపడ్డాక జనం తగ్గిపోయారు, కొట్టూ పోయింది, ఊరు దాదాపు ఖాళీ. 1991లో వచ్చిన ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్ సినిమాకి పాడుబడ్డ రైలు ఊరు కావాల్సొచ్చి ఇక్కడికొచ్చారు. ఆ పాత కొట్టునే కెఫేగా మార్చి షూటింగ్ చేశారు, వాళ్లు వెళ్లిపోయాక అందులోనే నిజం హోటలు పెట్టేశారు. సెట్టింగే ఊరిని బతికించింది, చూడండి.

బర్మింగ్‌హామ్ బాబాయ్:
అసలు కెఫే చూడాలంటే మా వైపు రండి. అలబామాలో, బర్మింగ్‌హామ్‌ని ఆనుకుని ఐరన్‌డేల్ అని రైల్వే ఊరుంది. సినిమాకి ఆధారమైన నవల రాసిన ఫానీ ఫ్లాగ్‌కి బామ్మ వరసయ్యే బెస్ ఫోర్టెన్‌బెర్రీ 1930ల నుంచి దశాబ్దాల పాటు అక్కడ హోటలు నడిపారు. పట్టాలు రోడ్డవతలే, రైల్వే వాళ్లూ వచ్చి తినేవారు. నవలకి ప్రేరణ అదే. జూలియెట్ చూడ్డానికి బావుంటుంది, కాదనను, కానీ అసలుది ఇదే.

ఒంగోలు పిల్ల:
చరిత్ర సరే, సినిమా పేరులో ఉన్న ఆ పచ్చి టమాటాల వేపుడు సంగతి ఎవరూ చెప్పరేం? చక్రాల్లా కోసి, మజ్జిగలో ముంచి, మొక్కజొన్న పిండి పట్టించి నూనెలో వేయిస్తారు. మనం పప్పులోకీ పచ్చడికీ తప్ప వాడం గానీ, పుల్లపుల్లగా బజ్జీలానే ఉంటాయి. ఇంట్లో చేస్తే ముక్క మరీ పల్చగా కోయకండి, మెత్తబడిపోతుంది.

అడిగినావిడ:
థాంక్సండీ అందరికీ. మా ఆయనకి చదివి వినిపించాను, "కట్టడం పాతదేగా, పందెం నేనే గెలిచా" అంటున్నారు. వచ్చే నెల ఐరన్‌డేల్ తీసుకెళ్తే ఒప్పుకుంటా అన్నాను.