విజయనగరం సంగీత కళాశాల, పద్మనాభ యుద్ధం: మా తాతయ్య వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. మొన్న అమ్మమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక ఫొటో దొరికింది. తాతయ్య వయొలిన్ పట్టుకుని చాప మీద కూర్చున్నారు. అంచులు పురుగు కొట్టేసింది. వెనక పెన్సిల్‌తో 'సంగీత కాలేజీ, 1938' అని రాసి ఉంది. పెళ్లికి ముందు సంగతులు అమ్మమ్మకు తెలియవు.

ఆ కాలేజీని 1919లో విజయనగరం మహారాజు విజయరామ గజపతి గారు పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. 1936లో వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ బాధ్యత తీసుకున్నారు. అంటే తాతయ్య ఆయన దగ్గరే నేర్చుకున్నారేమో! తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తోంది.

ఇంకో మాట. తాతయ్యకు నాలుగు తరాల ముందువారు ఒకరు విజయనగరం రాజులైన పూసపాటి వారి సైన్యంలో పనిచేసి, 1794 జూలై 10న పద్మనాభం దగ్గర చనిపోయారని ఇంట్లో చెప్పుకుంటారు. పేష్కషు (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయిల గొడవ ముదిరి, ఈస్టిండియా కంపెనీ సేనతో జరిగిన ఆ పోరులో రాజు చిన విజయరామరాజు గారు కూడా ప్రాణం విడిచారు. రాజే నేలకొరిగిన ఆ ఇల్లు తర్వాత సంగీతానికి అంత నీడనిచ్చిందంటే నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

1930ల నాటి విద్యార్థుల రిజిస్టర్లు ఉన్నాయా? ఎవరిని అడగాలి? పద్మనాభంలో పోయిన మామూలు సైనికుల పేర్లు ఎవరైనా ఎక్కడైనా చూశారా? ఫొటో పెళుసుగా ఉంది, స్కాన్ చేయించాలంటే భయంగా ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

అమ్మమ్మకు 91 ఏళ్లు. ఆవిడకు త్వరగా చెప్పాలని టెన్షన్‌గా ఉంది. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.