యీజింగ్ హెక్సాగ్రామ్‌లో కింది ట్రైగ్రామ్ ఏది, పైది ఏది? మాకు వచ్చింది మూడా, నాలుగా?

ప్రశ్న: బాలాజీ కాలనీ కుర్రాడు, తిరుపతి

అందరికీ నమస్కారం. ఇక్కడ పీజీ చేస్తున్నాను. నేనూ నా రూమ్‌మేటూ చైనావాళ్ల పాత జోస్యం పుస్తకం యీజింగ్ చదువుతున్నాం. ఐ చింగ్ అని కూడా రాస్తారు. జోస్యం కంటే ఆ గీతల లెక్కే మాకు ఇష్టం. మూడు గీతల గుర్తు ట్రైగ్రామ్, కిందొకటి పైనొకటి రెండు ట్రైగ్రామ్‌లు పేరిస్తే ఆరు గీతల హెక్సాగ్రామ్. నిన్న రాత్రి మూడు రూపాయి బిళ్లలు వేశాం. బొమ్మకు 3, బొరుసుకు 2 చొప్పున కూడితే వరుసగా 7, 8, 8, 8, 7, 8 వచ్చాయి. 7 అంటే నిండు గీత, 8 అంటే మధ్యలో తెగిన గీత. ఇంతవరకు గొడవ లేదు.

మొదటి గీతను అడుగున పెట్టి నేను పైకి పేర్చుకుంటూ పోయాను. వాడు పైనుంచి కిందికి గీశాడు. నాది 3వ హెక్సాగ్రామ్ జున్ అయింది, వాడిది 4వది మెంగ్. పైగా పుస్తకంలో జున్‌ను "నీరు, ఉరుము" అని నీటితో మొదలుపెట్టారు. ముందు పడిన మూడు గీతలు ఉరుము గుర్తు కదా, పేరులో నీరు ముందెందుకొచ్చింది? వాడు దీన్నే పట్టుకుని పైనుంచే చదవాలంటున్నాడు. ఎవరైనా తేల్చండి. ఎనిమిది ట్రైగ్రామ్‌లూ గుర్తుపెట్టుకునే ఉపాయం ఉంటే అదీ చెప్పండి.

జవాబు: శ్రీసిటీ షిఫ్ట్

నువ్వు గీసిందే కరెక్ట్ తమ్ముడూ. మొదటి గీత ఎప్పుడూ అడుగునే. దక్షిణ కొరియా జెండా చూడు, మూలల్లో ఈ ట్రైగ్రామ్‌లు నాలుగు ఉంటాయి. పైన ఎడమవైపు ఆకాశం, దానికి ఎదురుగా కింద కుడివైపు భూమి. పైన కుడివైపు నీరు, కింద ఎడమవైపు నిప్పు. ఈ నాలుగూ తలకిందులు చేసినా మారవు, కాబట్టి వీటితో తికమక రాదు. వచ్చేదంతా మిగతా నాలుగింటితోనే. ఉరుమును తిప్పితే పర్వతం, గాలిని తిప్పితే సరస్సు. మీ గొడవ ఉరుము దగ్గరే వచ్చింది చూడు.

జవాబు: చిత్తూరు తెలుగు అయ్యవారు (రిటైర్డ్)

నాయనా, గీయడం కిందినుంచి పైకి, పేరు పలకడం పైనుంచి కిందికి. మీరిద్దరూ ఈ రెండు పనుల్నీ కలిపేసి వాదించుకుంటున్నారు. చైనాలో జున్‌ను "షుయ్ లేయ్ జున్" అంటారు. పైన నీరు, కింద ఉరుము, ఆ తర్వాత హెక్సాగ్రామ్ పేరు.

సాక్ష్యం కావాలంటే 1వ హెక్సాగ్రామ్ తెరవండి. అడుగు గీత దగ్గర డ్రాగన్ దాగి ఉంటుంది, రెండో గీత దగ్గర పొలంలో కనిపిస్తుంది, ఐదో గీతకు వచ్చేసరికి ఆకాశంలో ఎగురుతుంది. పైనుంచి చదివితే ఆ కథే తిరగబడుతుంది.

ఇక ఉపాయం. బడిలో ఛందస్సు చదివే ఉంటారు. నిండు గీతను గురువు, తెగిన గీతను లఘువు అనుకుని అడుగునుంచి చదవండి. ఎనిమిది ట్రైగ్రామ్‌లూ మన ఎనిమిది గణాలే! మూడూ గురువులైతే మగణం, అది ఛియెన్, ఆకాశం. మూడూ లఘువులైతే నగణం, ఖున్, భూమి. తర్వాత భ-జ-స: గురువు మొదట ఉంటే జెన్ (ఉరుము), నడుమ ఉంటే ఖాన్ (నీరు), చివర ఉంటే గెన్ (పర్వతం). అలాగే య-ర-త: లఘువు మొదట ఉంటే శ్యున్ (గాలి), నడుమ ఉంటే లీ (నిప్పు), చివర ఉంటే దుయ్ (సరస్సు).

నాకు ఒళ్లు పులకరించిన చోటు ఇంకొకటుంది. యీజింగ్‌కు చేర్చిన వ్యాఖ్యానాల్లో షువోగువా అని ఒకటి ఉంది. అందులో ఆకాశం తండ్రి, భూమి తల్లి. ఉరుము, నీరు, పర్వతం వరుసగా పెద్ద, నడిపి, చిన్న కొడుకులు. గాలి, నిప్పు, సరస్సు అదే వరుసలో కూతుళ్లు. అంటే భ-జ-స ముగ్గురు అన్నదమ్ములు, య-ర-త ముగ్గురు అక్కచెల్లెళ్లు. తరగతిలో ఇన్నేళ్లు గణాలు చెప్పినవాణ్ణి, ఇది చూసి పుస్తకం మూయబుద్ధి కాలేదు.

అయితే ఇది అక్కడినుంచి వచ్చిందనో, ఇక్కడినుంచి పోయిందనో దయచేసి ఎవరూ ప్రచారం చేయొద్దు. రెండు రకాల్ని మూడు స్థానాల్లో పెడితే ఏ దేశంలోనైనా ఎనిమిదే వస్తాయి. జర్మన్ గణితవేత్త లైబ్నిట్జ్ కూడా 1703 నాటి తన వ్యాసంలో ఈ గీతల్ని సున్నాలు, ఒకట్లుగానే చదివాడు.

మీ జున్‌లో కింద భగణం, పైన జగణం. మీ స్నేహితుడి మెంగ్‌లో కింద జగణం, పైన సగణం. కాగితం తిప్పి చూడమనండి, ఒకటి రెండోదవుతుంది. ఆ పుస్తకంలో చాలా హెక్సాగ్రామ్‌లు ఇలా జంటగానే పక్కపక్కన ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:

అయ్యవారూ, చాలా థాంక్స్. వాడు ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఇంకో సందేహం పట్టుకున్నాడు. పుస్తకంలో "లోపలి ట్రైగ్రామ్‌లు" అంటూ మధ్య గీతల గురించి రాశారు, అవేమిటి?

చిత్తూరు తెలుగు అయ్యవారు:

అడుగు గీతనూ పై గీతనూ వదిలేసి, 2-3-4 గీతలతో ఒకటి, 3-4-5 గీతలతో ఒకటి చూస్తారు. మీ జున్‌లో 2-3-4 మూడూ తెగినవే, నగణం, కాబట్టి భూమి. 3-4-5 సగణం, పర్వతం. ఇప్పుడు మెంగ్‌లో ఏవి వస్తాయో మీ రూమ్‌మేట్‌ను తీసి ఇక్కడ రాయమనండి, నేను చూస్తాను.