1972 డాట్సన్ 240జెడ్: సైడ్ మిర్రర్లు ఫెండర్ మీదా, తలుపు మీదా?

పాతబండి72 (న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా గరాజ్‌లో విప్పి, కడిగి, మళ్లీ బిగిస్తున్న నా 240జెడ్‌కి పోయిన నెల ఆరెంజ్ పెయింట్ పూర్తయింది. ఇప్పుడు అద్దాల దగ్గర ఆగిపోయాను.

విషయం తెలియనివాళ్ల కోసం: అమెరికాకి వచ్చిన 240జెడ్‌కి డ్రైవర్ తలుపు మీద ఒక్క క్రోమ్ అద్దమే ఉండేది. కుడి వైపు ఏమీ లేదు. ఇదే కారుని నిస్సాన్ (డాట్సన్ దాని బ్రాండే) జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో అమ్మినప్పుడు, అద్దాలు రెండూ ముందు ఫెండర్ల మీద, అంటే ముందు చక్రాల పైనుండే రేకు మీద ఉండేవి. ఆ రకం అద్దాల జత ఒకటి తెప్పించాను. పెట్టె విప్పి ఫెండర్ మీద ఊరికే ఆనించి చూస్తే, ఆ పొడవాటి బానెట్‌కి అవి అక్కడే పుట్టినట్టు కుదిరాయి. కానీ బిగించాలంటే డ్రిల్ వెయ్యాలి. బండి అరిజోనా నుంచి తెచ్చాను, ఫెండర్లలో చుక్క తుప్పు లేదు. డ్రిల్ చేతిలో పట్టుకుని రెండు సార్లు వెనక్కి వచ్చేశాను.

అద్దం అవసరం మాత్రం నిజం. పెయింట్‌కి తీసుకెళ్లేటప్పుడు టర్న్‌పైక్ (టోల్ హైవే) మీద కుడి లేన్‌లోకి మారబోతుంటే నా భార్య "ఆగు!" అని అరిచింది. పక్కన ట్రక్ ఉంది, నాకు కనబడనే లేదు. మీరైతే ఏం చేస్తారు?

గరాజ్ బాబాయ్ (హూస్టన్)

డ్రిల్ వెయ్యకు తమ్ముడూ. నా బండి సంగతి విను. రిపేరుకి ఇచ్చిన షాపులో నన్ను అడక్కుండానే ఫెండర్ మీద అద్దాలు బిగించేశారు. రంధ్రం అంచుకి ప్రైమర్ లేదు, కింద రబ్బరు లేదు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి అద్దం పాదం చుట్టూ పెయింట్ పొక్కులు లేచింది. గోరుతో గీకితే కింద ఎర్రటి పొడి. ఆ తరం జెడ్ కార్లకి తుప్పే పెద్ద శత్రువు, నువ్వు దానికి తలుపు తీసి రమ్మంటున్నావు.

ఇంకో మాట. నీది అమెరికాలో అమ్మిన బండి, స్టీరింగ్ ఎడమ వైపు ఉంది. దానికి జపాన్ అద్దాలు పెడితే అది ఏ దేశపు బండి అవుతుంది? ఉన్న అద్దాన్ని ఉన్నచోటే ఉంచి, కుడి తలుపు మీద అదే నమూనా క్రోమ్ అద్దం పెట్టు. తలుపుకైనా రంధ్రం తప్పదు, ఒప్పుకుంటాను. కానీ కంటికి అలవాటైన చోటు అది.

యోకోహామా తెలుగు

బాబాయ్ గారూ, తుప్పు గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఫెండర్ అద్దం అంటే అందం కోసం పెట్టిన అలంకారం అన్నట్టు రాశారు, అక్కడే ఒప్పుకోలేను.

జపాన్‌లో 1983 దాకా దేశంలో అమ్మే కార్లకి ఫెండర్ అద్దాలే ఉండాలన్నది నిబంధన. తలుపు అద్దాలకి అనుమతి ఆ ఏడాదే వచ్చింది. ఆ తర్వాత మామూలు కార్లన్నీ మారిపోయాయి, కానీ టాక్సీలు మారలేదు. 2017లో టొయోటా తెచ్చిన జేపీఎన్ టాక్సీకి కూడా అద్దాలు ఫెండర్ల మీదే ఉన్నాయి. రోజంతా బండి మీదే ఉండే డ్రైవర్లు వాడేవి అవి. ముందు చూపు రోడ్డు మీద ఉండగానే కళ్లు కాస్త పక్కకి తిప్పితే చాలు, మెడ తిప్పనక్కర్లేదు. పక్క సీట్లో కూర్చున్నవాళ్ల మొహంలోకి తేరిపార చూసినట్టు కూడా ఉండదు.

వాన సంగతి కూడా ఆలోచించండి. తలుపు అద్దాన్ని పక్క గ్లాస్‌లోంచి చూడాలి, దాన్ని తుడిచేవాళ్లు లేరు. ఫెండర్ అద్దాన్ని వైపర్ తుడిచిన ముందు గ్లాస్‌లోంచి చూస్తారు. జూన్‌లో ఇక్కడ ముసురు పట్టినప్పుడు ఆ తేడా నాకు రోజూ తెలుస్తుంది.

లెక్కల మాస్టారు (డెట్రాయిట్)

ఇద్దరూ రెండు వైపులనీ కలిపి మాట్లాడుతున్నారు. ఎడమ, కుడి వేరు చేసి చూస్తే జవాబు మారిపోతుంది. స్నేహితుడి 240జెడ్‌లో కూర్చుని టేప్ పెట్టి కొలిచాను. ఇవి నా కంటి నుంచి తీసుకున్న కొలతలు, మీ సీటుని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి.

ఎడమ తలుపు అద్దం 71 సెంటీమీటర్ల దూరంలో ఉంది, చూడాలంటే సుమారు 45 డిగ్రీలు తిరగాలి. అదే ఎడమ ఫెండర్ మీదైతే 138 సెంటీమీటర్లు, 19 డిగ్రీలు. కుడి తలుపు 121 సెంటీమీటర్లు, 66 డిగ్రీలు. కుడి ఫెండర్ 167 సెంటీమీటర్లు, 39 డిగ్రీలు.

ఇప్పుడు 10 సెంటీమీటర్ల వెడల్పున్న చదును అద్దం తీసుకుందాం. 20 మీటర్ల వెనక ఎంత వెడల్పు రోడ్డు కనబడుతుంది? (ఒక కంటితో చూసినట్టు లెక్క.) ఎడమ తలుపు మీద 2.7 మీటర్లు, ఎడమ ఫెండర్ మీద 1.5. అంటే దాదాపు సగం పోయింది. ఇక్కడ హైవే లేన్ వెడల్పే 3.7 మీటర్లు, కాబట్టి అది చిన్న నష్టం కాదు. కుడి వైపు చూడండి: తలుపు మీద 1.5, ఫెండర్ మీద 1.2. పోయేది కొంచెమే, కానీ తల తిప్పాల్సినది 66 నుంచి 39కి తగ్గుతోంది.

నా ఉద్దేశం: ఎడమ అద్దం తలుపు మీదే ఉండాలి. కుడి అద్దానికి ఫెండరే మేలు.

గరాజ్ బాబాయ్ (హూస్టన్)

మాస్టారూ, లెక్క బాగుంది. కానీ ఒకటి తలుపు మీద, ఒకటి ఫెండర్ మీదా? ఎదురుగా నిలబడి చూస్తే ఒక చెవి కిందికి, ఒక చెవి పైకి ఉన్నట్టుంటుంది. పైగా మీ లెక్కలో కుడి వైపు ఎక్కడ పెట్టినా ఒకటిన్నర మీటర్లకి మించలేదు. దానికోసం మంచి రేకుకి రంధ్రం ఎందుకు?

లెక్కల మాస్టారు (డెట్రాయిట్)

న్యాయమైన ప్రశ్న. కుడి వైపు చదును అద్దం పెడితే ఎక్కడ పెట్టినా చాలదు, ఉబ్బు అద్దం కావాలి. మనం స్కూల్లో కుంభాకార దర్పణం అని చదివిందే. అమెరికా ఫెడరల్ నిబంధన 111 ప్రకారం కొత్త కార్లకి డ్రైవర్ వైపు చదును అద్దం ఉండాలి. ప్రయాణికుడి వైపు ఉబ్బు అద్దం పెట్టొచ్చు, కానీ కనబడే వాహనాలు నిజానికి ఇంకా దగ్గరున్నాయని దాని మీద రాయాలి. వక్రతా వ్యాసార్థం 889 నుంచి 1651 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి.

1200 తీసుకుంటే కుడి ఫెండర్ మీద కనబడే వెడల్పు 1.2 నుంచి నాలుగు మీటర్లు దాటుతుంది. నష్టం కూడా చెప్పాలి. వెనక కారు బొమ్మ చదును అద్దంలో కనబడేదానిలో నాలుగో వంతుకి తగ్గుతుంది. తలుపు మీదైతే మూడో వంతు. "ఉందా, లేదా" తెలుస్తుంది, "ఎంత దూరం" తెలియదు. దూరం కోసం లోపలి అద్దం చూసుకోవాలి.

ఎంజీబీ ఇంగ్లండ్

ఇక్కడ బ్రిటన్‌లో తలుపు మీదున్నదాన్ని కూడా ఇప్పటికీ వింగ్ మిర్రర్ అనే అంటారు. పాత అద్దాలు ఫెండర్ మీద, అంటే ఇక్కడి మాటలో వింగ్ మీద ఉండేవి, ఆ పేరు అలా నిలిచిపోయింది. నా 1971 ఎంజీబీకి (ఇక్కడి పాత స్పోర్ట్స్ కారు) తలుపు ముందు మూలలో చిన్న తిరిగే కిటికీ ఉంది. ముందు యజమాని అద్దాన్ని ఎక్కడ పెట్టాడంటే, ఆ కిటికీ నిలువు ఫ్రేమ్ సరిగ్గా అద్దం మధ్యలో అడ్డం. మూడు అంగుళాలు జరిపాక కనబడింది, పాత రంధ్రాలు పూడ్చడానికి తలుపు మొత్తం మళ్లీ పెయింట్ వేయించాల్సి వచ్చింది. అందుకే ఎక్కడ పెట్టినా సరే, ముందు సీట్లో బెల్ట్ పెట్టుకుని కూర్చుని టేప్‌తో అతికించి చూడండి. బయట నిలబడి చూస్తే చోటు ఎప్పుడూ తప్పుతుంది.

కృష్ణా తీరం (విజయవాడ)

మా నాన్నగారి ఫియట్‌కి అద్దాలు ఫెండర్ మీదే ఉండేవి. ఆయన సీట్లో కూర్చుని "ఇంకొంచెం లోపలికి, ఆ, ఆగు" అనేవారు, నేను బయట నిలబడి తిప్పేవాణ్ణి. పన్నెండేళ్ల వయసులో నా ఉద్యోగం అదే. బజారులో నిలిపితే వచ్చేపోయేవాళ్ల సంచి తగిలి అద్దం తిరిగిపోయేది, మళ్లీ మొదటికే. ఒంటరిగా నడిపేవాళ్లకి ఇది పెద్ద ఇబ్బంది బాబూ, ఆలోచించుకోండి.

పాతబండి72 (న్యూజెర్సీ)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. శనివారం ఖాళీ ఆఫీస్ పార్కింగ్‌లో పరీక్ష పెట్టాను. అద్దాల్ని మాస్కింగ్ టేప్‌తో, కింద మెత్తటి గుడ్డతో అతికించాను. కృష్ణా తీరం గారు చెప్పినట్టే, నేను సీట్లో, నా భార్య బయట. నాలుగు సార్లు తిప్పాక కుదిరింది. తర్వాత స్నేహితుడు తన కరోలాని కుడి పక్కనుంచి మెల్లగా ముందుకి పోనిచ్చాడు.

కుడి ఫెండర్ మీద చదును అద్దం: కారు అద్దంలోంచి మాయమయ్యాక మూడు అంకెలు లెక్కపెట్టాకే పక్క కిటికీలో కనబడింది. టర్న్‌పైక్ మీద ఆ ట్రక్ ఉన్నది ఈ ఖాళీలోనే. ఉబ్బు అద్దం పెడితే ఒక్క అంకె కూడా పూర్తి కాలేదు. అదే అద్దాన్ని కుడి తలుపు మీదికి మార్చాను. కనబడింది, కానీ పక్క సీట్లోకి వచ్చి కూర్చున్న నా భార్య ఫోన్ కోసం ముందుకి వంగగానే పోయింది. ఎడమ వైపు మాస్టారి లెక్కే నిజం, తలుపు అద్దానికి సాటి లేదు.

కాబట్టి ఎడమ వైపు పాత క్రోమ్ అద్దం ఉన్నచోటే. కుడి వైపు ఫెండర్ మీద ఉబ్బు అద్దం. బాబాయ్ గారూ, చెవుల సంగతి నిజమే, ఎదురుగా చూస్తే నాకూ కొంచెం బాధగానే ఉంది. కానీ ఆ రోజు నా భార్య అరిచిన అరుపు నాకింకా వినబడుతోంది.

గరాజ్ బాబాయ్ (హూస్టన్)

సరే, మనిషి ముందు, బండి తర్వాత. కానీ అరిజోనా ఫెండర్‌కి మాత్రం డ్రిల్ తగలనివ్వకు. ఈ బండికి ముందు ఫెండర్లు బోల్టులతో ఊడొస్తాయి. పాత కుడి ఫెండర్ ఒకటి దొరకబుచ్చుకుని దానికి రంధ్రం వెయ్యి, నీ అసలు ఫెండర్‌ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టు. రంధ్రం అంచుకి ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు, పాదం కింద రబ్బరు గాస్కెట్, లోపలి నుంచి మైనం. మర్చిపోకు.

పాతబండి72 (న్యూజెర్సీ)

ఈ ఆలోచన నాకు తట్టనే లేదు బాబాయ్ గారూ! 240జెడ్ కుడి ఫెండర్, చిన్న సొట్టలున్నా పర్వాలేదు, ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి మెసేజ్ పెట్టండి. పెన్సిల్వేనియా దాకా నేనే వచ్చి తీసుకెళ్తాను.