15 కిలోల్లో డైవింగ్ సామాను: సొంతది మోసుకెళ్ళాలా, అక్కడే అద్దెకి తీసుకోవాలా?

గంటస్తంభం_గుంటడు:
అందరికీ నమస్తే, మాది విజయనగరం. డిసెంబర్లో నేనూ మా బావా అండమాన్ వెళ్తున్నాం డైవింగ్‌కి, వైజాగ్ నుంచి చెన్నై మీదుగా ఫ్లైట్. చెకిన్ 15 కిలోలు, కేబిన్ 7. నా దగ్గరున్నవి తూకం వేసాను. బీసీడీ జాకెట్ (తేలడానికి గాలి నింపేది) 4 కిలోలు, రెగ్యులేటర్ సెట్టు (ట్యాంకు గాలి నోటికి అందించేది) 3, ఫిన్స్ (కాళ్ళకి తొడిగే రెక్కలు) రెండున్నర, 3 ఎంఎం వెట్‌సూట్ ఒకటిన్నర, మాస్కు బూట్లు టార్చి డైవ్ కంప్యూటర్ (లోతు, టైము లెక్కపెట్టేది) అన్నీ కలిపి 2. ఖాళీ బ్యాగే 3 ఉంది. అంటే బట్టలు పెట్టకుండానే 16. ట్యాంకు, వెయిట్లు అక్కడే ఇస్తారని తెలుసు. మిగతావి మోయాలా, తేలికవి కొనాలా, అద్దెకి తీసుకోవాలా?

మూడులాంతర్లు:
సొంతదే, ఇందులో ఆలోచించడానికి ఏటుంది. చక్రాల బ్యాగు వొగ్గేసి మామూలు డఫెల్ కొను, కిలో ఉంటాది, అక్కడే 2 కిలోలు మిగిలాయి. జాకెట్ మార్చేసి ట్రావెల్ మోడల్ తీసుకో, రెండు రెండున్నర కిలోల్లో దొరుకుతాయి, వెనక గట్టి ప్లేటుండదు కాబట్టి మడతపెట్టి సూట్‌లో చుట్టేయొచ్చు. రెగ్యులేటర్, మాస్కు, కంప్యూటర్ కేబిన్లో. చాకు ఉంటే చెకిన్లోనే, కేబిన్లో పెడితే సెక్యూరిటీ దగ్గర వదిలేసుకోవాలి.

పలాస_జీడిపప్పు:
16 కిలోల సామాను వేసుకుని చేపల్ని చూడ్డానికి వెళ్ళాలా, మా బారువ రండి ఒడ్డు మీదే చూపిస్తాం 😀

ఏడురోడ్లు_సెంటర్:
ఆ ఫిన్స్ రెండున్నర కిలోలంటే దళసరి రబ్బరువేనా? అవైతే మార్చకు. తేలిక ప్లాస్టిక్‌వి తీసుకుని నీళ్ళ కరెంటు (ప్రవాహం) ఎదురొస్తే కాళ్ళు ఊపుతూ అక్కడే ఉంటావు.

భావనపాడు_బోటు:
తమ్ముడూ నేను సీజన్లో ఐలాండ్స్‌లోనే డైవ్‌మాస్టర్‌గా చేస్తాను, ఊరు భావనపాడు. మాస్కు, కంప్యూటర్ తెచ్చుకో. మాస్కు ముఖానికి సరిపడాలి, కంప్యూటర్‌లో నీ లెక్క నీకుండాలి. మిగతావి అక్కడ తీసుకో, చాలా షాపుల్లో డైవ్ డబ్బుల్లోనే సామాను కూడా కలిసుంటాది. సొంత రెగ్యులేటరే కావాలంటే తెచ్చుకో, కాకపోతే అది ట్యాంకుకి మర తిప్పి బిగించే డిన్ టైపా, పైనుంచి క్లాంప్‌లా పట్టే యోక్ టైపా చూసుకుని, ట్యాంకు వాల్వ్ ఏదో ముందే ఫోన్ చేసి అడుగు. లేపోతే 3 కిలోలు మోసుకొచ్చి అడాప్టర్ కోసం బీచంతా తిరగాలి.

మూడులాంతర్లు:
అద్దె రెగ్యులేటర్ నోట్లో పెట్టుకోవడమా? నాకొకసారి, ఎక్కడో చెప్పను, 14 మీటర్ల దగ్గర ఊపిరి పీల్చినప్పుడల్లా గాలితో పాటు నీళ్ళొచ్చాయి. గైడ్‌కి చూపిస్తే వేళ్ళతో ఓకే అని సైగ చేసి ముందుకు పోయాడు. పైకొచ్చాక చూస్తే మౌత్‌పీస్ కొరికి కొరికి చిరిగిపోయి ఉంది. అంతకుముందు ఎంతమంది కొరికారో వాళ్ళకే తెలియాలి. అప్పుడే డిసైడ్ అయ్యాను, బట్టలు తగ్గించుకుంటాను గానీ రెగ్యులేటర్ మాత్రం నాదే.

భావనపాడు_బోటు:
నీళ్ళొస్తే గైడ్ అలగ పోకూడదు, ఆడిది తప్పే. స్పేర్ రెగ్యులేటర్ నోట్లోకి మార్పించి డైవ్ ఆపాలి. కానీ చిరిగింది మౌత్‌పీస్, రెగ్యులేటర్ కాదు. అది జిప్ టై కోసి పీకేస్తే వచ్చేసే రబ్బరు ముక్క, కొత్తది జేబులో వేసుకొస్తే రెండు నిమిషాల్లో మేమే బిగించి ఇస్తాం. దాని కోసం 3 కిలోలు ఎందుకు?

నాగావళి_ఒడ్డు:
ఈ మౌత్‌పీస్ ఐడియా నాకు నచ్చింది. నేను అలాగే చేస్తాను, ఫిట్ కూడా బాగుంటుంది, దవడలు నొప్పెట్టవు.

ఏడురోడ్లు_సెంటర్:
ఫిన్స్ సంగతి ఎవరూ చెప్పట్లేదు. బూట్లు అక్కర్లేని ఫుల్ ఫుట్ ఫిన్స్ అయితే కిలోన్నర లోపు వస్తాయి నిజమే, కానీ రాళ్ళ మీద నడిచి దిగే చోట పాదాలు ఏమవుతాయి? అందుకే బూటు, దళసరి రబ్బరు, స్ప్రింగ్ స్ట్రాప్.

ఓడ_బాబాయ్:
వైజాగ్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ప్యాసింజర్ షిప్ ఉంది కదా, తేదీ కుదిరితే దానికెళ్ళండి, కిలోల గొడవుండదు. దాదాపు మూడ్రోజులు పడతాది, వాంతులు మీ అదృష్టం.

గంటస్తంభం_గుంటడు:
బాబాయ్ మూడ్రోజులు షిప్‌లోనే పోతే లీవు అక్కడే అయిపోద్ది 🙏 ఇంకో డౌటు, టార్చి బ్యాటరీ ఎందులో పెట్టాలి?

నాగావళి_ఒడ్డు:
విడి లిథియం సెల్ ఏదైనా కేబిన్లోనే, చెకిన్లో పెట్టకూడదు. 100 వాట్ అవర్ల లోపు అయితే పర్మిషన్ అడగక్కర్లేదు, నీ టార్చి సెల్ 3.6 వోల్టులు 5000 ఎంఏహెచ్ అనుకున్నా 18 వాట్ అవర్లే. టార్చిలోంచి సెల్ తీసి విడిగా డబ్బాలో పెట్టు, ముఖ్యంగా డైవ్ టార్చి. పొరపాటున బ్యాగులో వెలిగిందంటే నీళ్ళలో చల్లబడేటట్టు చేసిన లైటు కాబట్టి బయట బాగా వేడెక్కిపోద్ది. పవర్‌బ్యాంకు కూడా కేబిన్లోనే.

మూడులాంతర్లు:
భావనపాడు గారూ, మౌత్‌పీస్ సరే. లోపల డయాఫ్రమ్ (రబ్బరు పొర) పాతబడితే? ట్యాంకుకి బిగించే ఫస్ట్ స్టేజిలో ఉప్పు పేరుకుంటే? రోజుకి ఎంతమందికి తొడుగుతారు, సాయంత్రం మంచినీళ్ళ డ్రమ్ములో ఒక ముంచు ముంచి తీస్తారు. నేను చూసాను. బోటు కుర్రాళ్ళు హోస్‌లు పట్టుకుని ఈడుస్తారు. నా వస్తువైతే ఎలా వాడానో నాకు తెలుసు.

భావనపాడు_బోటు:
బోటు కుర్రాళ్ళు. సరే. నేనూ అక్కడి నుంచే వచ్చాను. ఒక్కటడుగుతాను, మీ సొంత రెగ్యులేటర్ ఆఖరుసారి ఎప్పుడు సర్వీసైంది?

మూడులాంతర్లు:
అది కాదు టాపిక్. టాపిక్ బరువు.

భావనపాడు_బోటు:
బరువు కాదండీ టాపిక్, మీరే మార్చారు. ఏడాదికో వంద డైవులకో, ఏది ముందైతే అప్పుడు విప్పి ఓ రింగులు, వాల్వ్ సీట్లు మార్చాలని చాలా కంపెనీల మాన్యువల్స్‌లో రాసుంటాది. మా దగ్గరది రోజూ నీళ్ళలో ఉంటాది, లోపముంటే మరుసటి డైవ్‌లోనే బయటపడతాది. సొంత సామాను ఏడాదంతా అల్మారాలో ఉంటాది. మొన్న సీజన్లో ఒకాయన చాలా ఖరీదైన సెట్టు తెచ్చాడు, బోటెక్కే ముందు హోస్ వంచి చూస్తే ఫస్ట్ స్టేజి దగ్గర రబ్బరు బీటలు తీసుంది. దింపనన్నాను. ఒరేయ్ నీ జీతమెంత, దీని రేటెంత తెలుసా అన్నాడు. నేను తెల్లారకుండా లేచి కంప్రెసర్ దగ్గర ట్యాంకులు నింపే మనిషిని, రేటు తెలీదు, బీటలు తెలుసు.

మూడులాంతర్లు:
నేను ఒరేయ్ అన్నానా ఎవర్నైనా? ఎవడో అన్నదానికి నా మీద పడితే ఎలా. కష్టపడి సంపాదించి కొనుక్కున్నాను, నీళ్ళ కింద నా ఊపిరి ఇంకొకరి చేతిలో పెట్టను, అంతే. ఇది నమ్మకం విషయం. మీరు బాధపడితే నేనేం చేయలేను.

భావనపాడు_బోటు:
అదిగో, ఇప్పుడు అసలు మాట వచ్చింది. నమ్మకం లేదు. మరి ట్యాంకు ఎవరిది? ఆ గాలి నింపిందెవరు, కంప్రెసర్ ఫిల్టర్ మార్చిందెవరు? సైలెన్సర్ పొగ కంప్రెసర్ గాలి పీల్చే వైపు రాకుండా గాలి ఎటు తిరిగిందో చూసుకునేదెవరు? బోటు నడిపేదీ, కరెంటులో కొట్టుకుపోతే వెతికేదీ మేమే. మీరు 3 కిలోలు మోసుకొచ్చి ఆఖరికి పీల్చేది మా గాలే కదండీ.

పలాస_జీడిపప్పు:
🔥

ఓడ_బాబాయ్:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఓడలో మేమూ ఇంకొకరు చెక్ చేసిన బ్రీతింగ్ సెట్టే తగిలించుకుంటాం, కానీ తగిలించుకునే ముందు మళ్ళీ మనమే చూసుకుంటాం. సొంతదైనా అద్దెదైనా అంతే.

మూడులాంతర్లు:
బాబాయ్ మీకు ఆఫీసరుంటాడు, రిజిస్టరుంటాది. ఇక్కడ ఏ షాపువాడైనా సర్వీసు రికార్డు చూపిస్తాడా? చూపించమనండి, అప్పుడు నేను మాట్లాడను.

భావనపాడు_బోటు:
అడగండి. అడిగితే చూపించే షాపులున్నాయి, చూపించని దగ్గర దిగకండి. ఇది మాత్రం మీతో ఒప్పుకుంటాను. నా ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు.

గంటస్తంభం_గుంటడు:
అన్నలూ ఆగండి. నేను ఇలా అనుకుంటున్నాను: రెగ్యులేటర్ ఇప్పుడే సర్వీసుకి పంపుతాను, డిసెంబర్ లోపు వస్తే తీసుకెళ్తాను, రాకపోతే మౌత్‌పీస్ మాత్రమే. బీసీడీ కొత్తది కొనను, అక్కడిదే. సూట్ నాదే. బ్యాగ్ మారుస్తాను. వచ్చేటప్పుడు తడి సూట్ బరువు పెరిగిపోద్దేమో?

నాగావళి_ఒడ్డు:
పెరుగుద్ది, తడి నియోప్రీన్ (సూట్ రబ్బరు) చాలా బరువు. ఎలాగూ వరసగా రోజూ డైవ్ చేస్తే ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదు, ఒక్కటే డైవ్ అయితే 12, డ్యాన్ (డైవర్ల భద్రత చూసే సంస్థ) వాళ్ళు చెప్పే లెక్క అది. ముందురోజు పొద్దున్నే ఆఖరి డైవ్ ముగించి సూట్‌ని లోపలివైపు బయటికి తిప్పి నీడలో ఆరేయి.

ఏడురోడ్లు_సెంటర్:
తమ్ముడూ అంతా చెప్పావు, ఫిన్స్ ఏవి తీసుకెళ్తున్నావో చెప్పలేదు.