సుమేరియా ‘ఉర్’ మన ‘ఊరు’ ఒకటేనా?

గోదారిగట్టు:
మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఇరాక్‌లోని పురాతన నగరం ‘ఉర్’ పేరు మన ‘ఊరు’ నుంచే వచ్చిందట, ఆ ప్రాంతపు పురాతన ప్రజలైన సుమేరియన్లు మనవాళ్లేనట. నెల్లూరు, గుంటూరు, ఏలూరు ఉన్న మనకు నమ్మాలనే ఉంటుంది. పైగా సుమేరియన్‌లో నగరాన్ని ‘ఉరు’ అనేవారు. ఇంకేం కావాలండీ?

పలకాబలపం:
చాలా కావాలండి. ఆ నగరాన్ని అక్కడివాళ్లు పిలుచుకున్న పేరు ‘ఉరిమ్’. వాళ్ల మేకు ఆకారపు లిపి క్యూనిఫాంలో ఆ పేరు రాసే గుర్తులు వేరు, ‘నగరం’ అని రాసే గుర్తు వేరు. కాబట్టి నగరం పేరును పక్కన పెట్టాలి. మిగిలేది ‘ఉరు’ ఒక్కటే. దాన్ని ‘ఇరి’ అని కూడా చదువుతారు.

ఇంత చిన్న మాట ఎక్కడైనా దొరుకుతుంది. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులో మాట్లాడే బాస్క్ భాషలో ‘ఉర్’ అంటే నీళ్లు. జర్మన్‌లో మాట ముందు ‘ఉర్’ చేరిస్తే ఆదిమ, మూల అనే అర్థం వస్తుంది. అర్థం కలిసినా చాలదు. చైనీస్‌లో ‘నీ’ అంటే నువ్వు, అంతమాత్రాన వాళ్ల భాష మన భాషకు చుట్టమైపోదు. ఆస్ట్రేలియాలోని మ్బబరం భాషలో కుక్కను ‘డాగ్’ అనే అంటారు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నది కాదు, వాళ్ల పాత మాట ‘గుడగ’ అరిగి అరిగి అలా మిగిలింది.

చుట్టరికం వరస మీద తేలుతుంది. కన్నడ ‘కివి’ మనకు ‘చెవి’, ‘కెరె’ మనకు ‘చెరువు’. ఇలా ఎన్నో మాటల్లో వాళ్ల ‘క’ మనకు ‘చ’ అయింది. సుమేరియన్‌తో అలాంటి వరస ఒక్కటి చూపించండి, నేనే ముందు ఒప్పుకుంటాను.

రేవుపట్నం:
ఉర్ తవ్వకాల్లో సింధు ముద్రలు దొరికాయి. మెసొపొటేమియా, అంటే పాత ఇరాక్ ప్రాంతపు రాతల్లో ‘మెలుహ్హా’ అనే దేశంతో వర్తకం గురించి ఉంది; అది సింధు ప్రాంతమేనని చాలామంది పండితులు అనుకుంటారు. రాకపోకలున్నచోట మాటలు దాటవా?

పలకాబలపం:
దాటుతాయి. మెసొపొటేమియాలోని మరో పాత భాష అక్కాడియన్‌లో నువ్వుల నూనెకున్న ‘ఎల్లు’ అనే పేరుకు, నువ్వులను చెప్పే తమిళ ‘ఎళ్’, కన్నడ ‘ఎళ్ళు’కు సంబంధం ఉందని కొందరు పండితుల ఊహ. సరుకుతో పాటు దాని పేరు పోవడం సహజం. కానీ ఉన్న ఊరిని ఊరు అనడానికి ఎవరైనా మాట అరువు తెచ్చుకుంటారా? నాకు నమ్మకం కుదరడం లేదు.

రేవుపట్నం:
మెలుహ్హా వాళ్లు ఏ భాష మాట్లాడారో ఇంకా తేలలేదు. అప్పుడే తలుపు మూయకండి.

పలకాబలపం:
మూయడం లేదండి. తేలనిదాన్ని ‘రుజువైంది’ అని పిల్లలకు పంపడమే నాకు బాధ.

గోదారిగట్టు:
గ్రూపులో కివి–చెవి పెట్టాను. చెన్నైలో ఉండే మా వదిన వెంటనే అడిగింది: తమిళ ‘కిళి’, మన ‘చిలుక’ కూడా ఆ వరసేనా?

పలకాబలపం:
ఆ వరసేనండి.