అప్‌డేట్: పోరంకి ఫ్లాట్ క్యాన్సిల్ చేయలేదు

లాక్‌డౌన్‌లో పని ఆగిపోయిన, విజయవాడ దగ్గర పోరంకిలోని ఫ్లాట్‌ని వదులుకోవాలా అని 2020లో మిమ్మల్ని అడిగాను కదా. వదల్లేదు. 2020 మార్చి 25న గానీ ఆ తర్వాత గానీ గడువు ముగిసే రెరా (ఇళ్లు కొనేవాళ్లను కాపాడే రియల్ ఎస్టేట్ చట్టం) ప్రాజెక్టులకు ఆరు నెలలు పొడిగించమని కేంద్రమే చెప్పింది, ఇక బిల్డర్‌ని ఏమంటాం? సొంతూళ్లకు వెళ్లిన మేస్త్రీలు తిరిగొచ్చాకే ప్లాస్టరింగ్ మొదలైంది.

హోమ్ లోన్ మీద మారటోరియం (అప్పు కిస్తీలు వాయిదా వేసుకునే వెసులుబాటు) మాత్రం తీసుకోకుండా ఉండాల్సింది. ఆరు నెలలు ఈఎంఐ కట్టక్కర్లేదని సంబరపడ్డాను. వడ్డీ మీద వడ్డీ తర్వాత వెనక్కి ఇచ్చారు గానీ, ఆ ఆరు నెలల మామూలు వడ్డీ మన నెత్తిమీదే. మా ఆవిడ ముందే చెప్పింది, వింటేగా!

మూడో బెడ్‌రూమ్ ఇప్పుడు పేరుకే బెడ్‌రూమ్. బందరు రోడ్డు ట్రాఫిక్‌లో పడకుండా అక్కడే ల్యాప్‌టాప్ తెరుస్తున్నాను. వెనక బాల్కనీలో అమ్మ ఎండబెట్టిన వడియాలు మీటింగ్‌లో అందరికీ కనిపిస్తున్నాయి.