సమస్య: మిణుఁగురొడిలోన నేనుఁగు మిడిసిపడియె

నిర్వాహకుడు: ఎర్రగా, చల్లగా మిణుకుమనే బుల్లి నక్షత్రాల చుట్టూ శని, గురుడంత గ్రహాలు దొరుకుతున్నాయని చదువుతుంటే ఈ పాదం తట్టింది. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం కట్టండి, కానివ్వండి.

గగనకుసుమం: బోణీ నాది. 2025లో ప్రకటించిన, టీఓఐ-6894 అనే బుల్లి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం గురించి.

సూర్యు బరువులో నైదవ సుంతయైన
యెఱ్ఱచుక్కను శనికన్న నెక్కువయిన
మేనితోఁ జుట్టుచున్నది మేటి గ్రహము
మిణుఁగురొడిలోన నేనుఁగు మిడిసిపడియె

ద్రుతం: బాగుంది కుసుమంగారూ. కాకపోతే ‘మేటి గ్రహము’లో ‘గ్ర’ ముందున్న ‘టి’ గురువు కాదూ? గణం పోయినట్టేగా!

గగనకుసుమం: తెలుగు మాట తర్వాత సంస్కృత పదం వస్తే ఊది పలకనక్కర్లేదు. పోయిన వారం కప్ప సమస్యలో ‘పాత ప్రశ్న’ అని ‘త’ని లఘువుగా నడిపించిన మహానుభావులు ఎవరండీ?

ద్రుతం: అది వ్యావహారిక పూరణ. అక్కడ చెల్లుతుంది.

యతిమైత్రి: ఛందస్సుకి వ్యావహారికం, గ్రాంథికం అని రెండు తక్కెళ్లు ఉన్నాయని ఇప్పుడే తెలిసింది 😀 నా అభ్యంతరం వేరు. ‘ఐదవ సుంత’ ఏమిటి? సుంత అంటే కొంచెం, ‘ఐదవ పాలు’ అనాలి. సుంత యతి కోసం వచ్చిన చుట్టం. ఇంకోటి, ఆ గ్రహం ఒళ్లు శనికన్న కాస్త పెద్దదే గానీ బరువు శనిలో దాదాపు సగమే. ఏనుగు అంటే ఏనుగు బొమ్మ ఉన్న గాలిబుడగ అనుకోవాలి.

గగనకుసుమం: బుడగే కావచ్చు. మూడున్నర రోజులు తిరక్కుండానే ఓ చుట్టు చుట్టేస్తుంది, అడ్డొచ్చినప్పుడల్లా ఆ చుక్క వెలుగులో 17 శాతం మింగేస్తుంది. సూర్యుడికి గురుడు అడ్డొస్తే పోయేది ఒక్క శాతమే. మిడిసిపడటం అంటే అదే కదా.

పాతచింత: నాకు గ్రహాలు తెలియవు. క్రమాలంకారం తెలుసు, అంటే ప్రశ్నలన్నీ ముందు, జవాబులు అదే వరసలో చివరి పాదంలో.

రాత్రి వెలిఁగెడి పురుగేది? లాలిపాట
వినుచు నెక్కడఁ బసిబిడ్డ వేడ్కఁ బొందు?
దంతి యననేమి? యేమాయెఁ దలపొగరున?
మిణుఁగురొడిలోన నేనుఁగు మిడిసిపడియె

నిర్వాహకుడు: మాస్టారూ, ఏ సమస్య ఇచ్చినా మీరు ఇదే సందులోంచి జారుకుంటారు. అయినా ‘తలపొగరున’ దగ్గర నవ్వాపుకోలేకపోయాను.

ద్రుతం: ఇక నాది. గ్రహం ఎలా పుట్టిందన్నదే అసలు చిక్కు గదా.

చుట్టు ధూళియుఁ జాలదు, చూలు నిలువ
దనుచు శాస్త్రజ్ఞు లెల్లరుఁ దలఁచుచుండ
గురుని సగమంత బరువుతో గోళ మగుచు
మిణుఁగురొడిలోన నేనుఁగు మిడిసిపడియె

ఇది జీజే 3512, 2019 నాటి కబురు. సూర్యుడి బరువులో 12 శాతమే ఉన్న నక్షత్రం. ముందు గట్టి ముద్ద కట్టి తర్వాత వాయువుని లాక్కోవాలంటే చుట్టూ ఉన్న ధూళి పళ్లెంలో సరుకు చాలదు. అందుకే పళ్లెమే తన బరువుకి తాను ముక్కలై ముద్దకట్టి ఉంటుందని ఆ పరిశోధకుల ఊహ.

యతిమైత్రి: ‘చూలు నిలువదు’ ఈ చర్చలోకెల్లా అందమైన మాట. ‘గురుని’ దగ్గర యతి కూడా హాయిగా కుదిరింది.

గగనకుసుమం: అందమే, ఒప్పుకుంటాను. కానీ చూలు ఎవరిది? నక్షత్రం గ్రహాన్ని కనదు, పక్కన పళ్లెంలో పెరుగుతుంది. సమస్యలో ‘ఒడి’ అని ఇచ్చింది అందుకేనేమో. పైగా ‘సగమంత’ అని తేల్చేశారు. గ్రహం లాగుడుకి నక్షత్రం ఊగే తీరుని బట్టి తెలిసేది గ్రహం కనీస బరువే, అదీ సగానికి కాస్త తక్కువ. ‘కనీసం’ ఎక్కడ?

ద్రుతం: మనం రాస్తున్న ఈ తేటగీతి ఛందస్సులో పట్టలేదు. మీ ‘సుంత’కి పట్టిన చోటు నా ‘కనీసా’నికి దొరకలేదు.

నిర్వాహకుడు: ‘సుంత’ గొడవ తీరేలా కుసుమంగారి మొదటి పాదం ఇలా మారిస్తే?

సూర్యుఁ డైదుగాఁ జీలినఁ జుక్క యొకటి

యతిమైత్రి: కింద పాదంలో ఎఱ్ఱచుక్క ఎలాగూ ఉంది. జంట నక్షత్రం చేసేశారు.

పాతచింత: అయితే ఏనుగుకి రెండు ఒళ్లు. సమస్య మార్చండి.